తుఫాను చావులు తగ్గాయి, నష్టం చోటు మారింది

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అధికారిక లెక్క ప్రకారమే పది వేల ప్రాణాలు తీసింది. 1990 మే నెలలో మచిలీపట్నం దగ్గర తీరం దాటిన తుఫాను బలంలో దానికేమీ తీసిపోదు. అప్పటి మృతులు 967 మంది. 1996 నవంబరులో కోనసీమ మళ్లీ వెయ్యికి పైగా ప్రాణాలు పోగొట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదికే వచ్చినా రాష్ట్రంలో మృతుల సంఖ్య వంద దాటలేదు. ఒడిశాలోనూ ఇదే వరస. 1999 సూపర్ సైక్లోన్‌లో 9,887 మంది, 2013 ఫైలిన్‌లో యాభై లోపు, 2019 ఫణిలో 64 మంది చనిపోయారు.

విపత్తుల నిర్వహణలో మన దేశం సాధించిన పెద్ద విజయం ఇది. అయితే దీన్ని చూపించి విపరీత వాతావరణాన్ని మొత్తంగా అదుపులోకి తెచ్చుకున్నామంటే మాత్రం లెక్క తప్పుతుంది. హుద్‌హుద్ నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వం 21,908 కోట్ల రూపాయలుగా అంచనా వేసింది. 2020 మే నెలలో వచ్చిన అంఫన్ నష్టం లక్ష కోట్లు దాటిందని పశ్చిమ బెంగాల్ చెప్పింది. తుఫాన్లు ఒక్కటే అయితే అదో దారి. ఇప్పుడు గంటన్నరలో నగరాన్ని ముంచే వాన, నలభై రోజులు వదలని ఎండ, పొలంలో పని చేసుకుంటున్నవాళ్ల మీద పడే పిడుగు, కోతల వేళ కురిసే అకాల వర్షం అన్నీ కలిసి వస్తున్నాయి. వీటి నష్టాన్ని లెక్కగట్టే పద్ధతి మాత్రం పాతదే. కేంద్ర హోంశాఖ ఏటా పార్లమెంటుకు ఇచ్చే పట్టికలో ఉండేవి ప్రధానంగా నాలుగు గడులు: పోయిన మనుషులు, పోయిన పశువులు, దెబ్బతిన్న ఇళ్లు, దెబ్బతిన్న పంట హెక్టార్లు. ఈ నాలుగు గడుల్లో పట్టని నష్టానికి లెక్కా ఉండదు, సాయమూ రాదు. పెరుగుతున్నది సరిగ్గా ఆ పట్టని నష్టమే.

తుఫానులో ఏం కుదిరింది

తుఫానులో ఎక్కువ మందిని చంపేది గాలి కాదు, ఉప్పెన. దివిసీమలో సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లోపలికి వచ్చింది. ఉప్పెన ఎంత దూరం వస్తుందన్నది తీరంలో సముద్రం లోతును, నేల ఎత్తును బట్టి ముందే చాలావరకు తెలుస్తుంది. కాబట్టి దాని నుంచి తప్పించుకునే మార్గం ఒకటే: ఆ గీత లోపల ఉన్నవాళ్లను గంటల ముందు బయటికి తేవడం. ఇక్కడే వాతావరణ శాఖ హెచ్చరికల క్రమం పనికొచ్చింది. 72 గంటల ముందు ముందస్తు సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందన్న అంచనా. కలెక్టరు, తహసీల్దారు, పోలీసు, లారీలు, పునరావాస కేంద్రంలో వంటలు అన్నీ ఈ గంటల ప్రకారమే కదులుతాయి. 24 గంటల ముందు వేసే తుఫాను మార్గం అంచనాలో తప్పు ఇరవై ఏళ్ల కిందటితో పోలిస్తే దాదాపు సగమైంది. తప్పు తగ్గితే ఖాళీ చేయించాల్సిన ఊళ్లూ తగ్గుతాయి. రెండుసార్లు అనవసరంగా ఖాళీ చేయిస్తే మూడోసారి జనం కదలరన్నది తీరంలో పనిచేసిన ఏ రెవెన్యూ ఉద్యోగికైనా తెలిసిన సంగతే.

తీరంలో కనిపించే తుఫాను షెల్టర్లు స్తంభాల మీద ఎందుకు లేస్తాయన్నదీ ఇందులో భాగమే. కింది భాగం ఖాళీగా వదిలితే ఉప్పెన నీరు అడ్డు లేకుండా సాగిపోతుంది, గోడ మీద తోపు పడదు. మామూలు రోజుల్లో ఆ భవనం బడిగానో అంగన్‌వాడీగానో వాడకంలో ఉండాలి. తాళం వేసి ఉంచితే అవసరమైన రాత్రికి తాళంచెవి దొరకదు, మోటారు పనిచేయదు, మరుగుదొడ్డి వాడేలా ఉండదు. ఆడవాళ్లు షెల్టరుకు రావడానికి వెనకాడే కారణాల్లో మరుగుదొడ్డి మొదటిది.

ఈ ఏర్పాటుకు ఉన్న బలహీనత సమయం. సముద్రం వేడెక్కిన కొద్దీ తుఫాను ఒక్క రోజులోనే రెండు మూడు మెట్లు ఎక్కేస్తోంది. 2017 నవంబరు చివర ఓఖీ వాయుగుండం నుంచి తుఫానుగా మారడానికి ఎంతో సేపు పట్టలేదు. కన్యాకుమారి, కేరళ మత్స్యకారులు అప్పటికే వేటలో ఉన్నారు. ఒడ్డున ఉన్నవాళ్లకు హెచ్చరిక అందింది. సముద్రంలో వంద మైళ్ల దూరాన ఉన్న పడవకు సెల్ సిగ్నల్ ఉండదు. వందల మంది తిరిగి రాలేదు.

ప్రాణాలు దక్కాక మిగిలే నష్టం ఇప్పుడు కరెంటు స్తంభం చుట్టూ తిరుగుతోంది. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ప్రపంచ బ్యాంకు రుణంతో భూగర్భ కేబుళ్లు వేయడానికి కారణం ఇదే. నగరానికి అది సాధ్యం, పల్లెకు ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఈ తేడా ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడాలంటే గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్లాలి.

వనామి రకం రొయ్యల చెరువు బతికేది ఏరేటర్ల మీద, అంటే నీటిలో గాలి కలిపే కరెంటు యంత్రాల మీద. మబ్బు పట్టిన రోజున నీటిలోని నాచుకు ఎండ తగలక ప్రాణవాయువు సరిగా తయారవదు. వాన నీరు తేలిక కాబట్టి పైపొరగా నిలుస్తుంది, అడుగు నీరు దానితో కలవదు. రొయ్య ఉండేది అడుగునే. రాత్రంతా రొయ్యలూ నాచూ సూక్ష్మజీవులూ అన్నీ ఉన్న ప్రాణవాయువునే వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున మూడు నుంచి ఆరు గంటల మధ్య అది అట్టడుగుకు పడిపోతుంది. లీటరు నీటిలో మూడు నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యలు పైకి తేలి గట్టు వెంబడి చేరతాయి. తుఫాను సరిగ్గా ఆ వేళ కరెంటు తీసేస్తుంది. అనుభవం ఉన్న రైతు తుఫాను కబురు రాగానే మేత సగం చేస్తాడు లేదా ఆపేస్తాడు, తూము నుంచి పైనీరు మాత్రమే పోయేలా పలకలు సర్దుతాడు, సున్నం సిద్ధం చేసుకుంటాడు, జనరేటరుకు రెండు రోజుల డీజిలు తెచ్చి పెడతాడు. రోడ్డు మీద చెట్లు పడితే మూడో రోజుకు డీజిలు దొరకదు. ఆ చెరువులో పోయిన సరుకు లక్షల్లో ఉన్నా పట్టికలో అది మనిషీ కాదు, పశువూ కాదు, ఇల్లూ కాదు.

వాన కొలతా, కాలువ కొలతా

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. భారతదేశంలో 1901 నుంచి ఉన్న రికార్డుల్లో 2024 అత్యంత వేడి సంవత్సరం, 1991-2020 సగటు కంటే 0.65 డిగ్రీలు ఎక్కువ. నైరుతి సీజను మొత్తం వాన ఇప్పటికీ 87 సెంటీమీటర్ల దీర్ఘకాలిక సగటు చుట్టూనే తిరుగుతోంది. మారింది అది పడే తీరు. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాల ఘటనలు 1950 నుంచి 2015 మధ్య మూడింతలు అయ్యాయని 2017లో వచ్చిన పరిశోధన చూపింది. సగటు వాన కురిసిందని చెప్పే సంవత్సరంలోనే ఒకే జిల్లాలో కరవూ వరదా రెండూ రావడం అందుకే.

వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం అంటుంది. రంగుల హెచ్చరికలు ఈ కొలత మీదే నడుస్తాయి. నగరానికి కావలసిన కొలత ఇది కాదు. మన నగరాల్లో వాననీటి కాలువలు గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు తగ్గట్టు వేసినవని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2010లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. అంటే రోజంతా మెల్లగా కురిసే 20 సెంటీమీటర్లను కొంతవరకు తట్టుకునే కాలువ, గంటలో పడే 7 సెంటీమీటర్లకు చేతులెత్తేస్తుంది. ఆ గంట వాన వాతావరణ శాఖ లెక్కలో కేవలం ‘భారీ’. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్ శివార్లలో 30 సెంటీమీటర్లు దాటి కురిసినప్పుడు కాలువ సైజు గురించి మాట్లాడటానికి కూడా ఏం మిగల్లేదు. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు తెగితే కిందివన్నీ తెగుతాయి. మధ్యలో అలుగు పారే దారిలో కాలనీ ఉంటే నీరు కాలనీలోనే నిలుస్తుంది.

2024 విజయవాడ వరద ఇంకా వివరంగా చూడదగ్గది. ఆగస్టు 31న నగరంలో ఒక్క రోజులో పాతిక సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మైలవరం వైపు కొండల నుంచి వచ్చే బుడమేరును వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపడం దశాబ్దాలుగా ఉన్న ఏర్పాటు. ఈ ఏర్పాటు వెనుక మాటల్లో చెప్పని ఒక ఊహ ఉంది: బుడమేరు పొంగినప్పుడు కృష్ణ పొంగదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. బ్యారేజీ కట్టాక అంత ప్రవాహం అదే మొదటిసారి, దాని డిజైన్ సామర్థ్యం 11.9 లక్షలు. బ్యారేజీ పైన నది అంత ఎత్తున ఉంటే మళ్లింపు కాలువలో నీరు ముందుకు పోదు, వెనక్కి తంతుంది. కట్ట మూడు చోట్ల తెగింది. బుడమేరు తన పాతదారి పట్టుకుని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మీదికి వచ్చింది. ఆ పాతదారి అప్పటికే ఇళ్లతో కుదించుకుపోయి ఉంది.

నీరు వచ్చిన వేగం కంటే పోవడంలోని నిదానం ఎక్కువ నష్టం చేసింది. బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకు. కొల్లేరు నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే, అదీ పూడికతోనూ చెరువు గట్లతోనూ బిగుసుకుపోయింది. ఆటుపోట్లు ఎదురు తన్నే వేళల్లో అది ఇంకా మెల్లగా పారుతుంది. పైన గండ్లు పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. గండి పూడినా కింద నీరు దిగకపోవడంతో రోజుల తరబడి ఇళ్లు మునిగే ఉన్నాయి. అదే వానకు ఖమ్మంలో మున్నేరు పొంగింది, మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రాకపోకలు నిలిచాయి.

అన్నమయ్య ప్రాజెక్టు సంగతి వేరు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది ఆ మట్టికట్ట కొట్టుకుపోయి రాజంపేట మండలం పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లు దెబ్బతిన్నాయి. ముప్పై మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. పైన పింఛ ప్రాజెక్టు తెగిన నీరూ తోడై వచ్చిన వరద, స్పిల్‌వే (గేట్ల గుండా నీరు వదిలే దారి) సామర్థ్యమైన 2.17 లక్షల క్యూసెక్కులను దాటిపోయింది. దానికి తోడు ఉన్న అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. మట్టికట్ట మీదుగా నీరు పొర్లితే అది నిలవదు, గంటల్లో కోసుకుపోతుంది. అందుకే మట్టికట్ట ఉన్నచోట గేటు రోప్, మోటారు, గ్రీజు, జనరేటరు అనే చిల్లర పనుల విలువ కాంక్రీటు కంటే ఎక్కువ. వాన డిజైన్‌ను మించడం అరుదు. మించిన రోజున గేటు లేవకపోవడం మాత్రం నిర్వహణ బిల్లులు ఆగిన ప్రతిచోటా జరగవచ్చు.

సాయం నిబంధనలు ఎవరిని చూస్తాయి

రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25. హిమాలయ, ఈశాన్య రాష్ట్రాలకు 90, 10. 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన ధరల పట్టికలో మృతుని కుటుంబానికి 4 లక్షలు, పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు, నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000, వర్షాధారానికి 8,500, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు. పంటకు రెండు హెక్టార్లే పరిమితి, నష్టం 33 శాతమో అంతకు మించో ఉండాలి. ఇల్లు కూలకుండా రెండు రోజులకు పైగా మునిగితే బట్టలకు 2,500, పాత్రలకు 2,500.

సింగ్‌నగర్ లాంటి చోట ఈ చివరి గడి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఊహించవచ్చు. కాంక్రీటు ఇల్లు వరదకు కూలదు. లోపలి ఫ్రిజ్, వాషింగ్ మిషన్, కుట్టుమిషన్, పరుపులు, పిల్లల పుస్తకాలు, ఇంటి ముందు ఆటో పోతాయి. నిబంధనల దృష్టిలో ఆ ఇంటికి జరిగిన నష్టం 5,000. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో సొంతంగా గ్రౌండ్ ఫ్లోర్ కుటుంబాలకు 25,000, పై అంతస్తువారికి 10,000 ప్రకటించింది. రాష్ట్ర ఖజానా బాగుంటే జనానికి సాయం, లేకపోతే లేదు అన్నట్టు అవుతోంది ఇది.

వాహనాల విషయంలో చాలామంది రెండోసారి నష్టపోయేది నీరు తగ్గిన రోజునే. సైలెన్సర్ దాకా మునిగిన బండిని కిక్కు కొట్టి చూస్తారు. సిలిండర్‌లోకి చేరిన నీరు నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వరద నష్టానికి మామూలు సమగ్ర బీమా వర్తిస్తుంది గానీ, నీటిలో ఉండగా స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజినుకు విడిగా ఇంజిన్ రక్షణ కవరు లేకపోతే కంపెనీ ఒప్పుకోదు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకు అసలు ఏమీ రాదు, ఆటోల్లో ఎక్కువ భాగం అలాంటివే. స్పార్క్ ప్లగ్ తీసి, ఆయిల్ మార్చి, బ్యాటరీ తీగ విప్పాకే తిప్పాలి. ఇంటి మీటరు దగ్గరా అంతే: మెయిన్ తీసేసి, గోడలోని బోర్డులు ఆరాకే కరెంటు. బావి నీటికి వెయ్యి లీటర్లకు మామూలుగా రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చాలు, వరద నీరు కలిసిన బావికి ఇంకా ఎక్కువ వేసి గంట ఆగి వాడాలి.

పొలం దగ్గర గడుల లెక్క ఇంకా చిక్కుగా ఉంటుంది. హెక్టారుకు 17,000 అంటే ఎకరాకు ఏడు వేల లోపు. ఆ డబ్బు రావాలంటే ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో పేరు ఎక్కి ఉండాలి. డెల్టాలో సాగు చేసేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువ. కౌలు కార్డు మీద భూయజమాని సంతకం పెట్టకపోతే పాసుపుస్తకం ఉన్న యజమాని ఖాతాకే సాయం పోతుంది, కౌలు బస్తాలు మాత్రం పండినా పండకపోయినా కొలవాల్సిందే.

ఇక 33 శాతం. నవంబరు, డిసెంబరు తుఫానుల్లో వరికి జరిగే నష్టం రకాన్ని చూస్తే ఈ గీత ఎక్కడ బెసుకుతుందో తెలుస్తుంది. పొట్ట దశలో మునిగితే తాలు గింజ వస్తుంది, అది నష్టం నమోదుకు వచ్చిన నాడు కంటికి ఆనదు. పైరు పచ్చగానే ఉంటుంది. గింజ గట్టిపడ్డాక పడిపోయి నీటిలో నానితే మూడు నాలుగు రోజుల్లో వెన్ను మీదే మొలకెత్తుతుంది. దీన్ని ఆపడానికి వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది 5 శాతం ఉప్పు ద్రావణం: లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు, ఎకరానికి 200 లీటర్లు, అంటే పది కిలోల ఉప్పు. నీరు తీసేసిన వెంటనే వెన్నులు బాగా తడిసేలా కొట్టాలి. ఆ గింజ విత్తనానికి పనికిరాదు, మిల్లుకు పనికొస్తుంది. రాశిలో తడిస్తే క్వింటాలుకు కిలో ఉప్పు, ఇరవై కిలోల ఊక కలిపి, తెరిపి ఇవ్వగానే ఎండబెట్టాలి. మొలక ఆగినా రంగు మారుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన గింజలకు విడిగా పరిమితి ఉంది. దిగుబడి బస్తాల్లో అంతే ఉంది కాబట్టి పంట నష్టం కాదు. ధర మాత్రం బస్తాకు వందల్లో పడిపోతుంది. ఆ తేడా ఏ పట్టికలోనూ రాదు.

పంటల బీమాలోనూ ఇలాంటి పాత ఊహే ఒకటి ఉంది. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో కోత తర్వాత నష్టానికి 14 రోజుల దాకా రక్షణ ఉంది, 72 గంటల్లో తెలియజేయాలి. ఇది కోసి పొలంలో పనల మీద ఆరబెట్టిన పంటకు. నూర్చిన ధాన్యానికి వర్తించదు. ఇప్పుడు పనలు ఎక్కడున్నాయి? హార్వెస్టర్ దిగిన చోట కోత, నూర్పు ఒకేసారి అయిపోతాయి. 22 నుంచి 25 శాతం తేమతో బయటపడిన ధాన్యం మూడు నాలుగు రోజులు రోడ్డు పక్కన పరదాల మీద ఎండుతుంది. అకాల వానకు తడిసేది అక్కడే. రైతు అద్దె పరదాల కోసం పరుగెత్తేది అప్పుడే. బీమా మాత్రం కొడవలి కాలంలోనే ఆగిపోయింది. కల్లానికి మొబైల్ డ్రయ్యర్లు, మండలానికి సరిపడా పరదాలు అనే ఖర్చు పెట్టవచ్చు. ఎవరి పద్దు కింద పెట్టాలన్న దగ్గరే ఆగుతుంది.

ఒక్కొక్కరిగా పోయేవాళ్లు

2022లో ప్రకృతి శక్తుల వల్ల జరిగిన మరణాలను జాతీయ నేర గణాంకాల సంస్థ 8,060గా నమోదు చేసింది. అందులో 2,887 పిడుగుపాటువి. ఒక తుఫానులో మూడు వేల మంది పోతే అది దేశం మొత్తం మాట్లాడుకునే విషయం. పిడుగు ఒకచోట ఇద్దరిని, మరోచోట ఒక్కరిని తీస్తుంది కాబట్టి జిల్లా పేజీ దాటదు. పత్తి చేలో కూలీలు, నాట్లు వేసే ఆడవాళ్లు, గొర్రెల కాపరులు ఎక్కువగా పోతున్నారు. వాన మొదలవగానే చెట్టు కిందికి చేరడం అసలు కారణం. చెట్టు మీద పడ్డ పిడుగు కాండం నుంచి పక్కనున్న మనిషికి దూకుతుంది, మిగతాది నేలలో పాకుతుంది. రెండు కాళ్ల మధ్య దూరం ఉంటే ఒక కాలి నుంచి ఎక్కి మరో కాలి నుంచి దిగుతుంది. మంద మొత్తం ఒకేసారి చచ్చిపడటానికి కారణం అదే, నాలుగు కాళ్ల జీవానికి ఆ దూరం ఎక్కువ. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ వ్యవధి ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడే పని ఆపి పక్కా కప్పు కిందికి పోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసిన దామిని యాప్ ముందే హెచ్చరిస్తుంది. కూలీ ఫోను కీప్యాడ్‌ది, అదీ గట్టు మీద సద్దిమూటలో ఉంటుంది. గుడి మైకు, మేస్త్రీకి వెళ్లే కాల్ దానికంటే బాగా పనిచేస్తాయి.

వడగాలి లెక్క మరీ అధ్వానం. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది వడదెబ్బతో చనిపోయారని నమోదైంది. దేశం మొత్తం మీద ఆ ఏడు రెండు వేలు దాటిన మరణాల్లో అత్యధికం తెలుగు నేల మీదే. ఇక్కడ ఎండ ఎక్కువ కావడం ఒక కారణం. తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారితో త్రిసభ్య కమిటీ పెట్టి, పరిహారం ప్రకటించి లెక్కించడం రెండో కారణం. లెక్కించని రాష్ట్రంలో వడదెబ్బ చావులు తక్కువగానే కనిపిస్తాయి.

లెక్కించిన చోటా అది పూర్తి లెక్క కాదు. వడదెబ్బ అని వైద్యుడు రాయాలంటే శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటిందనీ, మనిషి మతి తప్పాడనీ చూసి ఉండాలి. మధ్యాహ్నం ఉపాధి పనిలో పడిపోయిన మనిషి ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, ఒళ్లు చల్లబడి ఉంటుంది. పోస్టుమార్టానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. అరవై దాటిన వ్యక్తి రేకుల గదిలో మూడు రాత్రులు నిద్రలేక, నాలుగో రోజు గుండె ఆగి పోతే అది గుండెపోటు. ఎండ పేరు ఎక్కడా రాదు. అహ్మదాబాద్‌లో 2010 మే నెల మొత్తం మరణాలను మామూలు సంవత్సరాలతో పోల్చి చూసినప్పుడు 1,344 అదనంగా తేలాయి. ఆ లెక్క చూశాకే 2013లో ఆ నగరం దేశంలో మొదటి వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది.

తీరప్రాంతంలో ఇంకో సమస్య ఉంది. మైదానంలో 40, తీరంలో 37 డిగ్రీలు చేరి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటేనో, ఏకంగా 45 డిగ్రీలు చేరితేనో వాతావరణ శాఖ వడగాలి అంటుంది. మచిలీపట్నం, కాకినాడల్లో 37 దాటకుండానే ఉక్కపోత ప్రాణం మీదికి తెస్తుంది, చెమట ఆరకపోతే ఒంటి వేడి బయటికి పోయే దారి లేదు. వేడినీ గాలిలోని తేమనూ కలిపి చూపే తడిబల్బు కొలత 35 డిగ్రీలు చేరితే మనిషి తట్టుకోలేడని పాత అంచనా. ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద చేసిన ప్రయోగాల్లో ఆ హద్దు 31 దగ్గరే కనిపించింది. ఎండలో పడిపోయిన మనిషికి స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరాలి, మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టాలి. 108 వచ్చేలోపు చేసే ఈ పనే ప్రాణం నిలబెడుతుంది.

వడగాలి పంటకూ దెబ్బే. 2022 మార్చి నెల 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి మార్చి. గోధుమ గింజ పాలు పోసుకునే దశలో ఆ ఎండ పడి గింజ సన్నబడింది, మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులు ఆపేసింది. ఇది కూడా ‘దెబ్బతిన్న హెక్టార్ల’ పట్టికలోకి రాలేదు.

2022-26 నిబంధనల్లో కేంద్రం నోటిఫై చేసిన విపత్తుల్లో తుఫాను, వరద, కరవు, భూకంపం, సునామీ, వడగళ్లు, చలిగాలి కూడా ఉన్నాయి. వడగాలి లేదు, పిడుగూ లేదు. రాష్ట్రాలు కావాలనుకుంటే తమ నిధిలో 10 శాతం వరకు సొంతంగా ప్రకటించిన విపత్తులకు వాడుకోవచ్చు. ఆ వెసులుబాటుతోనే 2025 ఏప్రిల్‌లో తెలంగాణ వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, అంతకుముందు 50,000 ఉన్న సాయాన్ని 4 లక్షలు చేసింది. పరిహారం పెరిగితే నమోదు పెరుగుతుంది, మంచిదే. అయితే మొత్తం నిధిలో 80 శాతం స్పందనకు, 20 శాతమే ముందస్తు తగ్గింపు పనులకు కేటాయించే అమరికలో, చనిపోయాక ఇచ్చే డబ్బుకు దారి సులువు, రేకుల కప్పులకు తెల్లసున్నం వేయించే డబ్బుకు దారి కష్టం. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే పైకప్పు) విధానం 600 చదరపు గజాలు దాటిన ఇళ్లకూ వాణిజ్య భవనాలకూ తప్పనిసరి చేసింది. వడదెబ్బతో పోయేవాళ్లు ఉండేది ఆ ఇళ్లలో కాదు.

సరైన లెక్క కోసం కొత్త వ్యవస్థ అక్కర్లేదు. చట్టం ప్రకారం ప్రతి మరణం 21 రోజుల్లో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు కావాలి. మే నెలలో వారం వారం వచ్చిన మరణాలను వెనకటి అయిదేళ్ల అవే వారాలతో మండలం వారీగా పోల్చడానికి ఒక గుమస్తా, ఒక కంప్యూటర్ చాలు. అహ్మదాబాద్ లెక్క తేలింది ఇలాంటి మొత్తం మరణాల రికార్డుల నుంచే. కారణం గడిలో ఏం రాశారన్నది చూడాల్సిన పని లేదు, 45 ఏళ్లు దాటినవాళ్ల సంఖ్య ఏ వారంలో ఎగసిందో చూస్తే చాలు. కోవిడ్ కాలంలో అదనపు మరణాలను లెక్కగట్టిన పద్ధతే ఇది. కావలసింది ఆ రికార్డులను జూన్ దాటకముందే కంప్యూటర్లోకి ఎక్కించడం, మరుసటి ఏప్రిల్ లోపు కలెక్టరు బల్ల మీదికి చేర్చడం.